గొర్రెల దారి వార్త

మా క్యాతగానచెర్లు కర్ణాటకలో ఉన్నా ఇళ్లలో మాట తెలుగే. ఇక్కడ పెద్దవాళ్లు పేపరు చదవరు, వింటారు. కన్నడ మాట్లాడటం అందరికీ వచ్చు, అక్షరాల దగ్గరే చిక్కు. అందుకే పొద్దున వై.ఎన్.హొసకోట బస్సులో వచ్చే కన్నడ పేపరును టీ హోటల్ ముందు నిలబడి నేను తెలుగులో చదివి చెబుతాను. ఆ పేపరుకు ఈ వైపు విలేకరిని కూడా నేనే. నా వార్త నేనే చదువుకుని నేనే మురిసిపోయే భాగ్యం ఎంతమందికి ఉంటుంది!

మా వీధిలో ఒక పెద్దమ్మ ఉంది. ఊరి పొలాల్లో ఎండతో కరెంటు తీసే సోలార్ పార్కు వెలిసింది, దానికి భూమి ఇచ్చిన మాలాంటి వాళ్లకు కౌలు వస్తోంది. ఆమెకు సెంటు భూమి లేదు, గొర్రెలే ఆధారం. అవి కుంటకు నీళ్లకు పోయే దారికి అడ్డంగా పార్కు కంచె పడింది. చుట్టూ తిరిగి పోయేసరికి గొర్రెపిల్లలు ఎండకు సొమ్మసిల్లి పడిపోతున్నాయి. అప్పటికే కొన్ని చచ్చిపోయాయి.

"ఆడ గేటొకటి పెట్టమని రాయప్పా. పేపర్లో చూస్తే పెద్దోళ్లు పెడ్తారు," అంది.

గొర్రెలతో ఆమె ఫొటో తీసి, జరిగింది జరిగినట్టు రాసి పంపాను.

ఆ సాయంత్రమే తమ్ముడు వచ్చాడు. వాడు పార్కులో కాపలా పని చేస్తాడు. "అన్నా, ఆ కంచె ఏపిచ్చింది మా కాంట్రాక్టరే. నువ్వు రాసింది పేపర్లో పడితే నన్ను ఇంటికి పంపిస్తాడు. ఊర్లో ఇంకేం పని ఉండాది చెప్పు?" అన్నాడు. మరునాడు పేపరు ఆఫీసు నుంచి ఫోను. పండగకు మొదటి పేజీ నిండా ప్రకటన ఇచ్చేది ఆ కాంట్రాక్టరేనట, కాస్త చూసి రాయాలట.

పత్రిక ప్రజాస్వామ్యానికి నాలుగో స్తంభమని బడిలో బట్టీ పట్టించారు. దాని నోరు మూయించాలంటే పోలీసులు రావాలనుకునేవాణ్ణి. ఎవరూ రాలేదు. నన్ను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. మా ఇంటి కౌలు, తమ్ముడి పని, పేపరు ప్రకటన అన్నీ ఆ కంచె లోపలి నుంచే వస్తున్నాయి.

పెద్దమ్మ రోజూ గొర్రెలను తోలుకుంటూ వచ్చి హోటల్ పక్కన ఆగేది. "ఈ పొద్దు వచ్చిందా?" అని అడిగేది.

ఒకరోజు వచ్చింది. ఫొటో నేను తీసిందే. కింద మాత్రం సోలార్ వెలుగులో గొర్రెల కాపరుల బతుకులు బాగుపడ్డాయని, ఆమే స్వయంగా ఆ మాట చెప్పిందని ఉంది. బెంచీ మీద కాంట్రాక్టర్ మనిషి, వాడి పక్కనే మా తమ్ముడు టీ తాగుతున్నారు. ఉన్నది ఉన్నట్టు చదివాను.

అందరూ పెద్దమ్మ వైపు తిరిగారు.

"గొర్రెలు నావే. ఆ మాట నాది కాదు," అంది.

పేపరు మడిచాను. నేను రాసి పంపింది నోటికి వచ్చు, అది చెప్పాను. కంచె, కుంట, గొర్రెపిల్లల చావు, గేటు. కాంట్రాక్టర్ మనిషి ఫోను తీసుకుని బయటికి నడిచాడు.

"ఆ రెండోది ఇంకోసారి చదువప్పా," అంది పెద్దమ్మ.

"అది పేపర్లో లేదు పెద్దమ్మా."

"లేదని తెలుసులేప్పా. చదువు."

తమ్ముడు గ్లాసు కింద పెట్టి నా మొహంలోకే చూస్తున్నాడు. వాడి వైపు చూడలేక పేపరు మళ్లీ విప్పి, అందులో లేని వార్తను మొదటి నుంచి చదివాను.