మూసేసిన దీపపు గూడు

మా ఇంటికి కరెంటు వచ్చిన వారానికే నేను దీపపు గూడు మూసేశాను. మగ్గానికి దూరంగా, వంటింటి గోడలో, చేయెత్తితే అందేటంత ఎత్తున ఉండేదది. మసి పట్టి నల్లగా కనిపించేది. అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. షోలాపూర్‌లో మా నేతగాళ్ల గల్లీలో బల్బు వెలిగే ఇళ్లు రెండో మూడో. ఆ గొప్ప నా నెత్తికెక్కింది. గూటికి మట్టి మెత్తి, సున్నం కొట్టి మురిసిపోయాను.

“కరంటును నమ్ముకొని గూడు మూస్తవార? అది పోతే దీపం యాడ పెడ్తవ్?” అంది అమ్మ.

“ఎందుకు పోతదమ్మా!” అన్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అనలేదు.

అమ్మ నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టేది. ఆమె చుట్టిన కండె, నాడె మగ్గంమీద అటూ ఇటూ పరిగెత్తేటప్పుడు ఎక్కడా చిక్కుపడదని పక్కిళ్లవాళ్లు కూడా నూలు తెచ్చి ఆమె చేతే చుట్టించుకునేవారు. ఆ పేరంటే ఆమెకు ప్రాణం.

వానాకాలం, దీపాలు పెట్టే వేళ. నాన్న బజారుకు వెళ్లాడు. నేను నేస్తున్న చీర ఇంకో మూరెడు మిగిలింది. ఉన్నట్టుండి కరెంటు పోయింది. అమ్మ బుడ్డిదీపం వెలిగించి, అలవాటుగా గూటి కోసం చేయెత్తి, ఉత్త గోడను తడిమింది. నేనే ఆ దీపం తీసుకుని మగ్గం కొయ్యమీద, నిలువుగా సాగదీసిన పడుగు నూలు పక్కన పెట్టాను.

“పడుగు పక్కన వద్దు కొడుకా. తెల్లారినంక నేద్దువు గని.”

“జరంతనే ఉన్నదమ్మా, అయిపోతది.”

నేస్తుంటే కొయ్య అదురుతుందని మా ఇళ్లలో చంటిపిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. నాలుగు పోగులు నేసేసరికి బుడ్డి ఒరిగింది. కిరసనాయిలు పడుగుమీద పారి మంట లేచింది.

నేను కాళ్లు పెట్టుకుని నేసే మగ్గం గుంటలో బిగుసుకుపోయాను. అమ్మ మండుతున్న పడుగును రెండు చేతులతో పట్టి తెంపి, నేలమీద పడేసి, గోనెపట్టా కప్పింది.

నాన్న వచ్చి, “ఎట్లయింది?” అని అరిచాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మ, “నా చేతులకెల్లి జారింది” అంది.

“కండ్లు కనవడ్తలేవా నీకు?” అని ఆయన ఆమెను తిట్టాడు. అప్పుడైనా నేను నోరు విప్పలేదు. సిగ్గుగా ఉంది, ఇప్పటికీ.

కాలిన అమ్మ వేళ్లు ముడుచుకుపోయాయి. మళ్లీ కండె చుట్టలేదు. పక్కిళ్లవాళ్లు నూలు తేవడం మానేశారు. గూటిలో మట్టిని నేనే పెకలించాను. కరెంటు పోయినప్పుడల్లా అమ్మ, “గూట్లనే పెట్టినవా బిడ్డా?” అని మాత్రం అడిగేది.

నాన్న మాత్రం తాను చనిపోయేదాకా, ఇల్లు చీకటైతే చాలు, “నువ్వు దీపం ముట్టకు” అని అమ్మను గదమాయించేవాడు. ఆమె సరేననేది. నేను పక్కనే ఉండేవాణ్ణి.