మంట తెలియని పాదం

ఈ ఉదయం ఒక పెద్దాయన కాలికట్టు విప్పగానే కుళ్ళిన కండ వాసన గుప్పుమంది. ముక్కు దగ్గరికి పోబోయిన నా చేయి సగంలోనే ఆగింది. "ముక్కు మూసుకుంటే ఆ కాలు సంగతి నీకెట్టా తెలుస్తదే?" అనేది రూతమ్మ సిస్టర్. ఆవిడ పోయి మూడేళ్ళయినా నా చేతులకు ఇంకా ఆవిడంటే భయమే.

గురజాలలో ఒక చిన్న ఆసుపత్రిలో నర్సుగా చేరిన కొత్తలో నాకు కట్లు కట్టడం నేర్పింది ఆవిడే. పొట్టి మనిషి, నోరు మాత్రం పెద్దది. మమ్మల్ని తిట్టిన నోటితోనే రోగి కాలు పట్టుకుని ప్రార్థన చేసేది.

అప్పుడు మిరప కోతల కాలం. మా దగ్గర కట్టు మార్పించుకునే వెంకయ్య బాబాయికి చానాళ్ళుగా షుగరు, అరికాల్లో పుండు. కల్లంలో ఎండబోసిన కాయలను కాళ్ళతోనే తిరగేస్తారు కదా, పుండుకు కారం తగిలి విలవిలలాడేవాడు. ఆ రోజు మాత్రం నవ్వుతూ వచ్చాడు.

"కారం తగిలినా మంటే లేదమ్మాయ్. మానినట్టే."

నేనూ సంబరపడిపోయాను. పైపైన చూసి, కట్టు మార్చి పంపేశాను. ఆ మాటే గొప్పగా సిస్టర్‌కు చెబితే ఆవిడ మొహం మారిపోయింది.

"మంట లేదన్నాడా? పద, ఆటో ఎక్కు."

మేం వెళ్ళేసరికి బాబాయి కల్లంలోనే ఉన్నాడు. సిస్టర్ మిరపకాయల మధ్యనే చతికిలబడి, ఆయన పాదం ఒళ్ళో పెట్టుకుని కట్టు విప్పింది. చిటికెన వేలును గట్టిగా నొక్కింది.

"తెలుస్తుందా బాబాయ్?"

"ఏంది?" అన్నాడాయన అమాయకంగా.

వేళ్ళ సందున చర్మం నల్లబడి ఉంది. నేను అక్కడ చూడనే లేదు.

"చచ్చిన కండ నొప్పని అరవదే," అంది నాతో మెల్లగా. "పక్కనున్న మంచి కండను కూడా తినేసుకుంటా పోద్ది."

ఆ మధ్యాహ్నమే ఇద్దరం ఆయన్ని గుంటూరు తీసుకెళ్ళాం. రెండు వేళ్ళు తీసేశారు. ఇంకో నాలుగు రోజులాగితే మోకాలిదాకా పోయేదన్నారు డాక్టరు. తప్పు నాదని సిస్టర్ ఎవరికీ చెప్పలేదు. తిరుగు బస్సులో నేను ఏడుస్తుంటే మాత్రం ఓదార్చలేదు.

"ఏడువు. నొప్పి తెలుస్తా ఉందిగా, బాగుపడతావులే."

ఇవాళ ఈ పెద్దాయన పుండు కడిగి, భయం భయంగా బొటనవేలు నొక్కాను. ఆయన కాలు విసురుగా వెనక్కి లాక్కున్నాడు.

"అబ్బా, చంపుతావా ఏందమ్మా?"

ఆ తిట్టు వినగానే కళ్ళు చెమర్చాయి.

"తిట్టు బాబాయ్, ఇంకా తిట్టు," అంటూ పక్క వేలు నొక్కాను.