వేరు కాపురం

లైబ్రరీకి కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే ఆవిడను వెనకాల అందరూ ‘ఒక్కచోటక్క’ అంటారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. ఇంట్లో కత్తెర ఒక్కటే ఉండాలి, అదీ వంటింటి మేకుకే వేలాడాలి. ఆఫీసులోనూ అదే తంతు. పుస్తకం ఎన్ని రోజులు ఉంచుకోవచ్చు, ఒకరికి ఎన్ని ఇవ్వచ్చు లాంటి అంకెలన్నిటికీ పేర్లు పెట్టి ఒక్క ఫైల్లో దాచింది. పెర్ల్ అనే కంప్యూటర్ భాషలో రాసిన పదకొండు ప్రోగ్రాములూ అక్కడికొచ్చి అడిగి తెలుసుకోవాల్సిందే. ఎవరైనా తమ ప్రోగ్రాములో నేరుగా అంకె వేసుకుంటే, కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, “ఏం నాయనా, వేరు కాపురం పెట్టావా?” అంటుంది.

గడువు పద్నాలుగు రోజుల నుంచి ఇరవై ఒకటికి పెంచిననాడు ఆ ఫైల్లో ఒక్క అంకె మార్చి, చేతులు దులుపుకుని టీకి వెళ్లింది. ఆ రోజే పుస్తకం తీసుకెళ్లిన ఓ పెద్దాయన పదహారో రోజున లైబ్రరీ పంపిన ఉత్తరం పట్టుకుని కోపంతో ఊగిపోతూ వచ్చాడు. “ఇంకా ఐదు రోజులుండగానే తెచ్చిమ్మంటారేంటమ్మా?” ఉత్తరాలు పంపే ప్రోగ్రాము తెరిస్తే, నట్టనడుమ దర్జాగా కూర్చుని ఉంది పద్నాలుగు. రాసిందెవరా అని ప్రోగ్రాము మొదటి వరసలో చూస్తే తన పేరే! ఉద్యోగంలో చేరిన తొలి వారం నాటి రాత. పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, పెద్దాయనకు సారీ చెప్పి, ఆ అంకె కొట్టేసి, ఫైల్లో గడువుకి పెట్టిన పేరు రాసింది. తర్వాత ప్రతి బల్ల దగ్గరికీ వెళ్లి, “వేరు కాపురం నాదేనర్రా!” అని చాటుకొచ్చింది.

ఆ హుషారులోనే ఇంటికెళ్లి, కుట్టుపెట్టె అడుగు నుంచి రెండో కత్తెర తీసి భర్త చేతిలో పెట్టింది.

“ఇదెక్కడిది?” అన్నాడాయన తెల్లబోయి.

“పదేళ్లుగా ఇక్కడే ఉందండీ. ఇవాళ ఎన్నైనా అనండి, పడతాను.”