వేలంపాటలో కొరివికారం

మిరపకల్లం అంటేనే ఎలీసమ్మకి హడలు. ఏళ్ల తరబడి ఎండుమిరపలో రంగుపోయిన తాలుకాయలు ఏరీ ఏరీ ఆయాసం తెచ్చుకుంది. ఘాటు లోపలికి పోయిందా, కళ్లు తేలేసేదాకా దగ్గు. గుంటూరులో డాక్టరు గొట్టం పెట్టి చూసి, "కల్లం మానేస్తే బతుకుతావు" అన్నాడు. మానేస్తే ఏం తినాలో ఆయన చెప్పలేదు.

ఎనభై మూడులో చర్చిలో కోతపండుగ జరిగింది. పంటలో తొలిభాగం దేవుడికి తెచ్చిపెడతారు. పెద్దలు దాన్ని వేలం వేసి డబ్బు సంఘానికి జమ చేస్తారు. పొలం ఉన్నవాళ్లు వడ్లు తెచ్చారు, గుమ్మడికాయలు తెచ్చారు. సెంటు భూమి లేని ఎలీసమ్మ, పండుమిరపకాయలు చింతపండేసి తొక్కి, చిన్న జాడీడు కొరివికారం తెచ్చింది.

జాడీ వంతు రాగానే ఇమ్మానియేలు మాస్టారు అయిదు రూపాయలన్నాడు. రైల్వేలో పనిచేసే తోమా పదన్నాడు. సంఘపెద్ద పదవికి ఇద్దరూ పోటీ పడుతున్న రోజులవి. యాభై దాటేసరికి కుర్రాళ్లు ఈలలేశారు. మాస్టారు వంద అనగానే తోమా తువ్వాలు దులుపుకుని కూర్చున్నాడు.

"వదినా, నీ పచ్చడి వందంటే!" ఆడపడుచు అంకమ్మ మోచేత్తో పొడిచింది.

ఆ మాటని ఎలీసమ్మ ఇంటిదాకా మోసుకుపోయింది. వంద అక్కర్లేదు, అందులో పదోవంతు వచ్చినా చాలు. ఇంట్లోనే కూచుని పచ్చళ్లు పెట్టుకుని అమ్ముకోవచ్చు. ఇక కల్లం మొహం చూడక్కర్లేదు.

"దేవుడి దగ్గర పాడింది రేటంటావేందే?" అన్నాడు మొగుడు మరియదాసు.

"రుచి తెలిసే పాడారు. డబ్బులేమన్నా చేదా వాళ్లకి?"

ఆ రోజు జాడీ మూత ఎవరూ తీయనే లేదన్న సంగతి ఆమెకి తట్టలేదు.

రైతు యలమందయ్య దగ్గర కూలిడబ్బులకి బదులు పండుకాయ అడిగింది. "తిక్కేమన్నా పట్టిందా నీకు?" అన్నాడాయన. అంటూనే సంతోషంగా బస్తా నింపించాడు. పాలిచ్చే మేకని అమ్మి చింతపండు, ఉప్పు, నూనె, జాడీలు కొంది. మూతికి గుడ్డ కట్టుకుని రోట్లో తొక్కుతుంటే కల్లంలోకన్నా ఎక్కువ దగ్గొచ్చింది. ఇదే ఆఖరు దగ్గనుకుని తొక్కింది.

ముందు మాస్టారింటికే వెళ్లింది. ఆయన భార్య సంతోషకుమారి గడపలోనే నిలబెట్టింది.

"ఇంకోటెందుకు ఎలీసమ్మా? మాస్టారికి కడుపులో పుండు, కారం ముట్టరు. ఆ జాడీ పాస్టరుగారింటికి పంపేశాం."

"మరంత పాట ఎందుకు పాడారమ్మా?"

"తోమాగారు పాడుతుంటే ఊరుకుంటారా?"

పాస్టరుగారి భార్య అటక చూపించింది. "సంఘం ఇచ్చినవే ఇన్నున్నాయమ్మా. నువ్వూ ఒకటి పెట్టిపో, నీ ఆయాసం కోసం ప్రార్థన చేస్తాం."

తోమా అయితే పొట్ట పట్టుకుని నవ్వాడు. "నేను పాడింది పచ్చడి మీదా పిచ్చిమొహమా? ఆ ఇమ్మానియేలు మీద! వందకి ఎక్కించి ఎట్టా వదిలేశానో చూశావా?"

ఊళ్లోకి వెళ్లింది. యలమందయ్య భార్య వెంకటరావమ్మ జాడీ వంక చూసి రెండడుగులు వెనక్కేసింది. "కాయంటే నువ్వు కోసిందే తెచ్చుకుంటాం. నువ్వు తొక్కింది ఎట్టా తింటామే? మా అత్త ఊరుకోదు." ఆ ఇంట్లో ఆ ఏడు పెట్టిన కొరివికారంలో కాయలన్నీ ఎలీసమ్మ కోసినవే.

బస్సెక్కి గుంటూరు పోయి వీధులు తిరిగింది. అక్కడ ధరకన్నా ముందు "మీరేవుట్లు?" అని కులం అడిగేవాళ్లు. ఆమె జవాబు విన్నాక జాడీ మూత తీయమన్నవాళ్లు లేరు.

సొంత పల్లెలో అమ్ముదామంటే, పండుకాయ రోజుల్లో ఏ ఇంట్లో చూసినా అదే పచ్చడి. కూర లేని పూట గిన్నె పట్టుకొచ్చేవాళ్లు మాత్రం ఉన్నారు. "నీకేం తక్కువ, వంద రూపాయల పచ్చడిదానివి!" అంటూ పెట్టించుకుపోయేవాళ్లు. డబ్బు మాట ఎత్తితే, "అబ్బో, అప్పుడే షావుకారమ్మ అయింది" అనేవాళ్లు.

ఎండలు ముదిరేసరికి ఎలీసమ్మ మళ్లీ యలమందయ్య కల్లంలో ఉంది. మధ్యాహ్నం అందరూ క్యారేజీలు విప్పారు. అమ్ముడుపోని పచ్చడి ఆమె తలా కాస్త పెట్టింది. సర్దార్‌బీ పొరుగూరి నుంచి ఆ రోజే కొత్తగా పనికొచ్చింది. ముద్ద నోట్లో పెట్టుకోగానే ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"అబ్బ, ఏం రుచి తల్లీ! ఇంత చెయ్యి పెట్టుకుని ఈ దుమ్ములో పడి ఎందుకు చస్తన్నావు? ఇంట్లో కూచోని అమ్ముకోరాదూ?"

పక్కనే తింటున్న అంకమ్మకి నవ్వొచ్చి పొరబోయింది. ఎలీసమ్మ ఏదో అనబోయింది. ఆ నోరు తెరిచినప్పుడే ఘాటు లోపలికి పోయింది. ఒకటే దగ్గు. అది ఆగేటప్పటికి అందరూ చేతులు కడుక్కుని లేచారు. ఆమె మూతికి గుడ్డ బిగించుకుని, వెళ్లి కాయల పోగు ముందు కూర్చుంది.