పొయ్యి గోడ పక్కన జాడీ

రొట్టెలక్క నోరు విప్పితే వీధి చివరిదాకా వినిపిస్తుంది. అలాంటి మనిషి రోజూ పొద్దున్నే, మరిది పనిలోకి రాకముందే, రొట్టెల కొట్టు వెనక గదిలో ఓ గాజు జాడీ మూత తీసి, అందులో ముక్కు పెట్టి, కిక్కురుమనకుండా నిలబడేది. ఎవరైనా చూస్తే పిచ్చి పట్టిందనుకుంటారని ఆమెకూ తెలుసు. అయినా మానలేదు.

జాడీలో ఉన్నది పులిసిన పిండి. పాలలో చెంచాడు పెరుగు కలిపితే తోడుకున్నట్టు, రొట్టెల పిండిలో ఇది కాస్త కలిపితే మొత్తం పొంగుతుంది. కంటికి కనబడని ఈస్టు అందులో కాపురముంటుంది. వాడినప్పుడల్లా మళ్ళీ కాస్త పిండీ నీళ్ళూ పోస్తే పిల్లాపాపలతో ఏళ్ళ తరబడి వర్ధిల్లుతుంది. ఆమె భర్త పెళ్ళికి ముందే మొదలుపెట్టిన పిండి అది. కాపురానికొచ్చిన కొత్తలో ఆయన చొక్కాల్లోని ఆ పుల్లటి వాసనకు ముక్కు మూసుకుని, "ముందు స్నానం చేసి రండి, మహానుభావా" అని కసిరేది. ఆయన పోయాక చొక్కాలన్నీ ఉతికేసింది. ఎంత బుద్ధితక్కువ పని చేసిందో అవి ఆరాక గానీ తెలియలేదు. ఇక ఆ వాసన జాడీలోనే మిగిలింది.

అందుకే ఆయన చెప్పిన పద్ధతిని వెంట్రుకవాసి కూడా మార్చలేదు. జాడీ పొయ్యి గోడ పక్క అరలోనే ఉండాలి, గోరువెచ్చటి నీళ్ళే పోయాలి. పాపం, ఆయన ఆ మాట చెప్పింది చలికాలంలో. ఆ ఏడాది ఎండలకు రాత్రిళ్ళు కూడా గోడలు చల్లారడం లేదు.

"వదినా, మనకే ఊపిరాడట్లేదు. దాన్ని కాస్త చల్లటి చోట పెట్టొచ్చుగా" అన్నాడు మరిది.

"మీ అన్నయ్య పెట్టిన చోటది. నీ పని నువ్వు చూసుకో."

ఓ రోజు మూత తీసేసరికి పిండి చప్పబడి కూలిపోయి ఉంది. పైన బూడిదరంగు నీళ్ళు తేలాయి. గోళ్ళరంగు తుడిచే మందులాంటి ఘాటు ముక్కుకు కొట్టింది. మరిది రాగానే జాడీ అతని ముందుకు తోసింది.

"చచ్చిపోయిందా?" అంది.

మరిది జాడీని ఎత్తి చూశాడు. "ఎండదెబ్బ మనకేనా వదినా? కాస్త వెచ్చగా ఉంటే ఈ ఈస్టు జీవులు గబగబా పెరుగుతాయి. మరీ వేడెక్కితే పెరగడం మానేసి ప్రాణం దక్కించుకునే పనిలో పడతాయి. అదీ దాటితే అంతే. కాకపోతే వేడి ఒక్కసారిగా రాలేదుగా. అలవాటు పడ్డవి కొన్ని మిగిలుండొచ్చు."

ఆ రోజు రొట్టెలు ప్యాకెట్టు ఈస్టుతో చేశారు. కొన్నవాళ్ళలో ఒక్కరూ పాత రుచి ఏదని అడగలేదు. పైగా ఒకాయన, "ఇవాళ భలే మెత్తగా ఉన్నాయక్కా" అన్నాడు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. తన భర్తా, ఆయన పిండీ లేకపోయినా లోకానికి బాగానే గడుస్తుందన్నమాట.

పై నీళ్ళు వంచేసి, అడుగునుంచి చెంచాడు తీసి కొత్త గిన్నెలో వేసి, గుప్పెడు కొత్త పిండి చేర్చింది. చల్లటి నీళ్ళు పోయడానికి చెయ్యి రాలేదు. అయినా పోసింది. తడిగుడ్డ చుట్టి సరుకుల గదిలో నేలమీద పెట్టి, వంక దొరికినప్పుడల్లా వెళ్ళి చూసొచ్చింది. రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. ఆ తర్వాత ఓ బుడగ తేలింది. పక్కన ఇంకోటి. వారం తిరిగేసరికి పిండి గిన్నె అంచు దాకా వచ్చింది.

"బతికింది వదినా!" మరిది కేక పెట్టాడు.

ఆమె వంగి వాసన చూసింది. మంచి వాసనే, పండిన పండులా తియ్యగా ఉంది. వేడికి తట్టుకుని మిగిలిన వాటి సంతానం అది. చొక్కాల్లో ఉండే ఆ పులుపు మాత్రం ఎంత వెతికినా లేదు. మళ్ళీ చూసింది. కళ్ళు మూసుకుని ఇంకోసారి చూసింది. చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నిక్షేపంలా పొంగితే ఏడుస్తావేంటి?"

ఆమె ముఖం తుడుచుకుని చల్లటి నీళ్ళ చెంబు అందుకుంది. పిండిలో పోస్తూ ఏదో గొణిగింది.

"ఎవరితో వదినా మాటలు?" అన్నాడు మరిది.

"ఎవరితోనూ కాదు. ఇందులో ఇప్పుడెవరున్నారని" అంది రొట్టెలక్క.