పెండ్లికొడుకును వెతికిన పడవ

కరోనా వచ్చిన మొదటి ఏడు శ్రావణమాసంలో సూరత్‌లో వాన ఒక పట్టాన వదల్లేదు. మేము ఖాడీ అని పిలిచే వాగు పొంగి గల్లీల్లోకి వచ్చేసింది. లాక్‌డౌన్ తీసేసినా చీరలకు లేసు కుట్టే పని ఇంకా సరిగ్గా మొదలు కాలేదు. ఇంట్లో కూర్చుని కూర్చుని నాకు పిచ్చెక్కినట్టు ఉండేది. మా పేటలో కొందరు కలిసి ఒక రెస్క్యూ దళం నడిపేవారు. వాళ్ల దగ్గర ఒక రబ్బరు పడవ, తాళ్లు, నారింజ రంగు జాకెట్లు ఉండేవి. వజ్రాలు సానబట్టే ఒక గుజరాతీ ఆయన వాళ్లకు పెద్ద. అందరూ మోటాభాయ్, అంటే పెద్దన్న, అని పిలిచేవారు. ఆయన దగ్గరికి వెళ్లి నన్నూ చేర్చుకోమన్నాను.

"ఈత వచ్చా?" అని హిందీలో అడిగాడు.

"రాదు."

"పడవ నడపడం?"

"రాదు."

"మరేం వచ్చు, బెన్?" బెన్ అంటే చెల్లెమ్మ.

"తెలుగు వచ్చు," అన్నాను.

ఆయన నవ్వలేదు. ముందురోజు మన తెలుగువాళ్ల గల్లీ ఒకదానికి వెళితే ఒక ముసలాయన మేడ దిగనని మొండికేశాడట. ఆయన ఏమంటున్నాడో వీళ్లకు అర్థం కాలేదట. మోటాభాయ్ మారుమాట లేకుండా ఒక జాకెట్ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

ఇంట్లో మా ఆయన లబలబలాడాడు. "నీకు ఈత రాదు గదనే!"

"దుంకుడు వాళ్ల పని. గొంతు చించుకొని ఒర్లుడు నా పని," అని చెప్పి బయటపడ్డాను.

రోజూ కూరగాయలు కొనుక్కునే వీధిలో పడవ మీద వెళ్లడం ఎలా ఉంటుందో ఎలా చెప్పను? జనం కష్టంలో ఉన్నారని తెలుసు. అయినా మాస్కు వెనక నా నోరు చెవుల దాకా సాగింది. దుకాణాల బోర్డులు చేతికి అందుతున్నాయి. నెలల తరబడి నాలుగు గోడల మధ్య ఉన్నదాన్ని, గాలి మొహానికి కొడుతుంటే చిన్నపిల్లనైపోయాను.

మొదట పిలుపు వచ్చిన ఇంటికి వెళ్లేసరికి మేడ మీద పసుపు చీరలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. చేతులకు గోరింటాకు, మొహానికి మాస్కు. పక్కన తల్లి, తండ్రి, నానమ్మ. ఆ రోజే ఆ పిల్ల పెళ్లి. పెళ్లి జరగాల్సిన హాలు నీళ్లకు అవతల ఉంది.

ఆత్రంగా మెట్లు అందుకోబోయి నేను నీళ్లలో పడ్డాను. "సచ్చిన, సచ్చిన!" అని చేతులు కొట్టుకుంటున్నాను. పడవలోంచి మోటాభాయ్ ప్రశాంతంగా అన్నాడు: "ఊభా థావ్, బెన్." లేచి నిలబడమని. నిలబడ్డాను. నీళ్లు నడుము దాకా ఉన్నాయి. పైన పెళ్లికూతురు పగలబడి నవ్వింది. పొద్దుటి నుంచి ఏడుస్తూనే ఉందట, వాళ్లమ్మ చెప్పింది.

నానమ్మ మాత్రం కదలనంది. "పెండ్లిపిల్ల ఎక్కే బండి గిట్ల బోడిగ ఉంటదా? బొట్టు పెట్టుండ్రి."

ఏమంటోందని మోటాభాయ్ అడిగాడు. "పడవకు బొట్టు పెట్టాలంట," అన్నాను.

"పెట్టమను. కానీ త్వరగా!"

బొట్టు పెట్టుకుని పడవ అందరినీ మిట్ట మీద ఉన్న బడికి చేర్చింది. నీళ్లలో చిక్కుకున్నవాళ్లకు అక్కడే బస. పెళ్లికూతురి తండ్రి సలాబత్‌పురాలో ఉన్న మగపెళ్లివారికి ఫోన్ చేశాడు. అవతలి మాట విని ఆయన మొహం పాలిపోయింది.

"పిలగాడు పొద్దుగాలనే మా ఇంటికి బయలెల్లిండట. ఇల్లు మునిగిందని విని ఒక్కడే వచ్చిండట. ఫోను కలుస్తలేదట."

ఆ పిల్ల లేచి జాకెట్ల కుప్పలోంచి ఒకటి తీసి చీర మీద తొడుక్కుంది.

"నువ్వెందుకమ్మా?" అన్నాను.

"ఆయన మొకం మీకు తెల్వది గదక్కా. మాస్కు పెట్టుకుంటే మీరెట్ల గుర్తు పడ్తరు?"

"నువ్వెన్నిసార్లు చూసినవ్?"

"చూసిన. వీడియో కాల్ల."

మోటాభాయ్ వద్దనే అన్నాడు. ఆ పిల్ల అప్పటికే పడవలో కూర్చుంది.

వాళ్ల ఇంటికి దారితీసే గల్లీ మొదట్లో ఇంజన్ ఆపి నేను గొంతెత్తాను: "ఓ పెండ్లి పిలగా!" కిటికీలు తెరుచుకున్నాయి. గుజరాతీ వాళ్లు, మరాఠీ వాళ్లు, ఒడియా వాళ్లు ఏమిటని అడిగారు. చెప్పాం. ఇక అందరూ అందుకున్నారు. ఎవరి యాసలో వాళ్లు, బాల్కనీ నుంచి బాల్కనీకి "ఓ పెండ్లి పిల్గా!" అని కేకలు. గల్లీ గల్లీ మార్మోగింది.

ఒక మూల మలుపు దగ్గర ఆటో ఒకటి బోర్లా పడి కనిపించింది. మా దళంలో ఇద్దరు దిగి లోపల తడిమి చూశారు. పెళ్లికూతురు నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టుకు నా వేళ్లు తెల్లబడ్డాయి. లోపల ఎవరూ లేరు.

మళ్లీ కేక వేశాను. ఈసారి దూరంగా ఎవరో స్టీలు పళ్లెం మీద గరిటెతో టంగుటంగున కొట్టారు. ఒక గుజరాతీ ఆవిడ మొదటి అంతస్తు బాల్కనీలోంచి సగం బయటికి వంగి అరుస్తోంది: "అహీ ఛే! జమే ఛే!" ఇక్కడే ఉన్నాడు, అన్నం తింటున్నాడు!

వరద అతని కాళ్లను లాగేస్తే కిటికీ చువ్వ పట్టుకుని వేలాడాడట. ఆ ఇంటివాళ్లది చీరల వ్యాపారం. ఇంట్లో ఉన్న చీరలన్నీ ముడేసి కిందికి వదిలి, ఇంటిల్లిపాదీ పైకి లాగారట. నీళ్లలో ఫోన్ పాడైంది. ఒక్క నంబరూ గుర్తు లేదు. మమ్మల్ని చూడగానే లేచాడు. ఇంటాయన ఇచ్చిన పైజామా జారిపోకుండా ఒక చేత్తో పట్టుకున్నాడు. ఇంకో చేతికి కిచిడీ అంటుకుని ఉంది.

పెళ్లికూతురు పడవలో నిలబడి మాస్కు కిందికి లాగింది.

"నువ్వేనా?" అంది.

"నేనే. నువ్వేనా?"

"ఈత వస్తదా నీకు?"

"రాదు."

"మరెందుకొచ్చినవ్?"

"మీ ఇల్లు మునిగిందన్నరు," అన్నాడతను, అంతకంటే ఏం చెప్పాలో తెలియనట్టు.

ఆ గుజరాతీ ఆవిడ కళ్లు తుడుచుకుని, తినకుండా పంపేది లేదని మా అందరి చేతుల్లోనూ తలో ముద్ద పెట్టింది.

ముహూర్తం దాటిపోయింది. సాయంత్రం ఇంకో లగ్నం ఉందని పెళ్లి చేయించే అయ్యగారు ఫోన్‌లో చెప్పారు. ఆయన రాలేరు; బడిలోనే పెళ్లి, వీడియోలోనే మంత్రాలు. సిగ్నల్ అందడానికి నేను బెంచీ ఎక్కి ఫోన్ నెత్తి మీదికి ఎత్తి పట్టుకున్నాను. బాధితుల వంటకు తెచ్చిన బియ్యంలో పసుపు కలిపి తలంబ్రాలు చేశారు. దూరం దూరం అని మోటాభాయ్ అందరినీ గోడల వెంబడి నిలబెట్టాడు. "మేళం ఏదిరా?" అని నానమ్మ గోల పెట్టింది. నేను ఆ మాట హిందీలో చెప్పాను. తాళి కడుతుండగా మోటాభాయ్ మెడలోని విజిల్ తీసి ఊదాడు. మా దళమంతా ఊదింది. చెవులు గింగురుమన్నాయి. ఫోన్‌లో అయ్యగారు "ఏమైంది, ఏమైంది?" అంటున్నారు. నాకు నవ్వాగక బెంచీ ఊగింది.

ఇంకా అన్నాలు పెట్టకముందే మరో గల్లీ నుంచి పిలుపు వచ్చింది. పరుగెత్తాం. అక్కడ డాబా మీద గొడుగు పట్టుకుని నిలబడ్డ ఒక పెద్దమనిషి, మా తలల మీదా జాకెట్ల మీదా పసుపు బియ్యం చూసి బిత్తరపోయాడు.

"ఎక్కడి నుంచి వస్తున్నారు మీరు?" అని హిందీలో అడిగాడు.

"పెళ్లి నుంచి," అన్నాడు మోటాభాయ్ ఎంతో గంభీరంగా. "దిగండి."