ఈడామె, ఆడామె

మదనపల్లెలో నేను పనిచేసే కాలేజీ లైబ్రరీకి మొన్న ఒక బైండరు వచ్చాడు. వరండాలో స్టవ్ ముట్టించి, మైదాపిండి బంక ఉడికిస్తూ, పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం వేశాడు. ఆ వాసన కిటికీలోంచి లోపలికి రాగానే నా చేతిలో పని ఆగిపోయింది. ముప్పై దాటినదాన్ని, అయినా ఆ వాసన తగిలితే పుంగనూరులో ఏడో తరగతి చదివే పిల్లనైపోతాను. పక్కింటి షంషాద్ ఖాలా ముందు గచ్చు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంటాను.

భర్త పోయాక ఆయన చేసే బైండింగు పని ఖాలా చేతికి తీసుకుంది. ఆఫీసు రిజిస్టర్లు, బడి అట్లాసులు, ఏవి వచ్చినా కుట్టేది. మనిషి కోపిష్టి. ఎవరైనా తొందరపెడితే సగం కుట్టిన పుస్తకాన్ని చేతిలో పెట్టి పంపేసేది. తెలుగు బాగా చదివేది గానీ ఇంగ్లిషు ముక్క రాదు. అలాంటి మనిషికి ఇంగ్లిషు సూపర్‌హీరో కామిక్కుల పిచ్చి! ఆమె తమ్ముడు కుప్పం స్టేషన్లో టీ అమ్మేవాడు. బెంగళూరు బండ్లలో జనం వదిలేసిపోయిన కామిక్కులను ఏరి, నెలకోసారి సంచిలో తెచ్చిచ్చేవాడు. వాటికి అట్టలుండవు, నంబర్లుండవు, ఏది ముందో ఏది వెనకో తెలియదు. చదివి తెలుగులో చెప్పడం నా పని. వరస తేల్చడం ఆమె పని. వరస తేలందే సూది పట్టేది కాదు.

"సూడు, దీంట్లో చేతికి కట్టుండాది, దాంట్లో లేదు. ఏది ముందరిది?" అని అడిగేది.

"గాయం మానిపోయుంటుంది ఖాలా."

"మానింటే మచ్చ యాడ?" అనేది. ఆ మచ్చ కోసం ఇద్దరం సాయంత్రమంతా వెతికేవాళ్లం.

ఆ కథల్లో లోకం ఒకటి కాదు. మన భూమిలాంటివే ఇంకా ఎన్నో ఉంటాయి. ప్రతిదాంట్లోనూ అదే మొహంతో, అదే పేరుతో ఒక మనిషి ఉంటుంది. ఒక లోకంలో మనిషి దారితప్పి ఇంకో లోకంలో వచ్చి పడుతుంది. పోయినవాళ్లు రెండు సంచికలు తిరగకుండానే లేచి వస్తారు. నా తల తిరిగిపోయేది గానీ ఖాలా దీన్నంతా రెండు మాటల్లో సర్దేసింది. కాగితం చీటీలు చింపి బొమ్మ పక్కన అంటించేది. ఈ లోకపు మనిషైతే 'ఈడామె', అంటే ఇక్కడి ఆమె. ఆ లోకపు మనిషైతే 'ఆడామె', అక్కడి ఆమె. నేనూ నోటుబుక్కులో అలాగే రాసుకున్నాను. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మా తెలుగు మాస్టారి కంట అది పడింది. "ఆడామె ఏంటమ్మాయ్? మగామె కూడా ఉంటుందా?" అన్నారు. క్లాసంతా ఘొల్లుమంది. నేను ఏడుపు మొహంతో వచ్చి చెబితే ఖాలా పొట్ట పట్టుకుని నవ్వింది. "ఆయప్ప ఈడాయన కాదులే పాపం," అంది.

అప్పటికి మా అమ్మ సుగుణ పోయి ఏడాది. పిల్లకు బయటిది తల్లిగా రాకూడదని పెద్దవాళ్లు కూర్చుని మాట్లాడి, అమ్మ చెల్లెలు సరోజను నాయనకిచ్చి చేశారు. చిన్నమ్మది అచ్చం అమ్మ పోలికే. "సుగుణే తిరిగొచ్చినట్టుండాదే!" అని వచ్చినవాళ్లంతా కళ్లు తుడుచుకునేవాళ్లు. నాయన, అవ్వ పొరపాటున సుగుణా అని పిలిస్తే చిన్నమ్మ పలికేది. కొన్నాళ్లకు పొరపాటు కాస్తా అలవాటైపోయింది. నాకు మాత్రం ఆమె మీద పట్టరాని కోపం. అమ్మ చీర కట్టినా కోపమే, కట్టకపోయినా కోపమే. ఆమెతో మాట్లాడడమే మానేశాను.

మాకు బాగా ఇష్టమైన హీరోయిన్ నీలం ముసుగు వేసుకునేది. అందుకని నీలం అనే పిలుచుకునేవాళ్లం. ఒక కామిక్కులో ఆమె ఊరిని కాపాడబోయి చనిపోయింది. రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. తర్వాత వచ్చిన సంచిలో ఇంకో కామిక్కు దొరికింది. అందులో నీలం బతికే ఉంది, తన ఇంట్లో తన వాళ్ల మధ్యే ఉంది. "లేచొచ్చింది ఖాలా!" అని ఎగిరి గంతేశాను. ఖాలా కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది.

"ఈమెకు పాపిట ఎడంపక్క ఉండాది. సచ్చిపోయినామెకు కుడిపక్క. ఈమె ఆడామె."

"అయితే ఏం? నీలమే కదా!"

"కాదు బేటీ. సచ్చిపోయినామె సచ్చిపోయింది. ఆమె కోసం నువ్వు ఏడ్సింది ఏడ్సిందే. ఇంగ ఈమెను సూడు. తిరిగొచ్చినావని అందరూ కావిలించుకుంటాండారే, ఈమె మొగంలో నగువు యాడుండాది? నువ్వు యాడ్నించి వచ్చినావు, ఆడ నీకు ఏముండె అని ఒగరన్నా అడిగినారా? సదివి సెప్పు."

పేజీలన్నీ తిరగేశాను. ఎవరూ అడగలేదు. ఖాలా 'ఆడామె' చీటీ అంటించి, ఆరేదాకా వేలితో ఒత్తి పట్టుకోమంది. పట్టుకున్న ఆ కాసేపట్లోనే నాకు ఏడుపు ముంచుకొచ్చింది. నీలం కోసం కాదు. మా ఇంటి సంగతి మనసులో పెట్టుకునే ఆ మాట అందో, కథ గురించే అందో నేను ఏనాడూ అడగలేదు.

ఇంటికి వెళ్లేసరికి చిన్నమ్మ చెనిక్కాయలు ఒలుస్తోంది. వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

"చిన్నమ్మా, ఈడికి రాకముందు ఆడ నీకు ఏముండె?"

"ఆడంటే?"

"కలికిరిలో. మీ ఇంట్లో."

ఆమె చేతులు ఆగిపోయాయి. "కుప్పంలో డిగ్రీ సీటొచ్చిండె మే. హాస్టలుకని పెట్టె గూడా సర్దుకోనుంటి," అంది. ఒలిచిన గింజలు పక్కకు జరిపి, "మీ యమ్మ నాకు అక్క. అందరూ నన్నే అక్క అంటాంటే, అక్క కోసం నేను యాడ ఏడ్సేది?" అంది. ఆ రోజు ఇద్దరం కలిసి ఏడ్చాం. అమ్మ పోయాక నాతో కలిసి ఏడ్చిన మొదటి మనిషి ఆమే.

మరునాడు పొద్దున నాయన తింటూ, "సుగుణా, నీళ్లు," అన్నాడు.

"సుగుణ కాదు నాయనా, సరోజ," అన్నాను.

అవ్వ నన్ను కసిరింది. నాయన కలిపిన ముద్ద పళ్లెంలోనే వదిలేసి తలవంచుకున్నాడు. తలెత్తి, "సరోజా," అన్నాడు. వంటింట్లోంచి జవాబు రాలేదు. మళ్లీ పిలిచాడు. ఆ పేరుకు పలికే అలవాటు ఆమెకు తప్పిపోయింది.

ఖాలా పోయి ఆరేళ్లయింది. ఆ రోజు చిన్నమ్మను నేను అడిగిన సంగతి ఆమెకు చెప్పలేదన్న బాధ నాకు పోదు. కొత్తగా వచ్చిన మనిషిని ముందున్నవాళ్లతో పోల్చబోయి నాలుక కరుచుకోవడం ఆమె నుంచే నేర్చుకున్నాను. చిన్నమ్మ ఆ డిగ్రీ చదవనే లేదు, దాన్ని నేనేమీ చేయలేకపోయాను. ఇప్పుడు ఆమెకు ఫోన్ చేస్తే, తెర మీద నా పేరు చూసి కూడా, "సరోజను మాట్లాడతాండా," అంటుంది. నేను మధ్యలో అడ్డురాను. ఆ మాట పూర్తిగా అననిచ్చి, అప్పుడు చిన్నమ్మా అని పిలుస్తాను.